గీత గీసే ముందు ఎవర్ని అడిగారు?

2021 ఏప్రిల్ మూడో వారం. దేశమంతా ఆక్సిజన్ కోసం అల్లాడుతోంది. మహారాష్ట్ర ఆసుపత్రుల్లో సిలిండర్లు ఖాళీ అవుతున్నాయి. గాజువాకను ఆనుకుని ఉన్న విశాఖ ఉక్కు కర్మాగారంలో ఆక్సిజన్ ఉంది. కరిగిన ఇనుములోకి దాన్ని వేగంగా ఊదితేనే అందులోని కార్బన్ కాలిపోయి ఉక్కు తయారవుతుంది కాబట్టి, గాలిని చల్లబరిచి ఆక్సిజన్‌ను విడదీసే యూనిట్లు ఆ ప్రాంగణంలోనే ఉన్నాయి. అక్కడ అవసరం, ఇక్కడ సరుకు, నడుమ వెయ్యి కిలోమీటర్లకు మించిన దూరం. ట్యాంకర్ లారీలనే రైలెక్కించి పంపాలని రైల్వే తలపెట్టింది.

లారీని రైలెక్కిస్తే దాని ఎత్తు పెరుగుతుంది. దారిలో రోడ్డు వంతెనలున్నాయి, సొరంగాలున్నాయి, ప్లాట్‌ఫాం కప్పులున్నాయి, నెత్తిమీద 25 వేల వోల్టుల తీగలున్నాయి. వ్యాగన్ నేల ఎత్తే 1,290 మిల్లీమీటర్లు. రకరకాల ట్యాంకర్ల కొలతలు తీసి చూస్తే, 3,320 మిల్లీమీటర్ల ఎత్తున్న ఒక రకం మాత్రమే ఈ ప్రయాణానికి పనికొస్తుందని తేలింది. కాగితం మీది లెక్కను నమ్మి ఊరుకోలేదు. ముంబయి దగ్గర కలంబోలి గూడ్స్ షెడ్డుకు వ్యాగన్‌ను, ట్యాంకర్‌ను తెప్పించి, ఒకదాని మీద ఒకటి పెట్టి కొలిచారు. ఘాట్ సెక్షన్ సొరంగాలు అడ్డం వస్తాయని దూరమైనా వేరే దారి ఎంచుకున్నారు. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర మరిగే సరుకు కాబట్టి వేగం ఎంత మెల్లగా పెంచాలో, ఎంత మెల్లగా తగ్గించాలో, మధ్యలో పీడనం ఎప్పుడు చూసుకోవాలో ముందే రాసుకున్నారు. లారీలు ఎక్కి దిగడానికి ర్యాంపులు కట్టారు. ఏప్రిల్ 22న ఏడు ట్యాంకర్లతో దేశంలోని తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడి నుంచే కదిలింది. మూడు ట్యాంకర్లు నాగపూర్‌లో దిగాయి, నాలుగు నాసిక్‌కు వెళ్లాయి.

మంచి డిజైన్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ రైలునే చూపిస్తాను. అందులో అందమైన బొమ్మ ఏదీ లేదు. ఎవరికి ఏం కావాలి, ఏది అడ్డం వస్తుంది, ఏది తప్పితే ప్రాణం పోతుంది అన్న ప్రశ్నలను వంతెనను అడిగారు, వ్యాగన్‌ను అడిగారు, ట్యాంకులోని ద్రవాన్ని అడిగారు. జవాబులు వచ్చాకే గీత గీశారు. ఇంటి ముందరి ఎలివేషన్‌కీ, చీర అంచుకీ, పెళ్లి శుభలేఖకీ మనం అంటగట్టేసిన ఈ డిజైన్ అనే పని నిజానికి ఇలాంటి అడగడంతోనే మొదలవుతుంది. గాజువాక చుట్టూ పది కిలోమీటర్లు తిరిగితే అడిగి చేసిన పనులూ కనిపిస్తాయి, అడగకుండా చేసినవీ కనిపిస్తాయి. వాటి ఫలితాలను మన ఊరు ఏళ్లుగా అనుభవిస్తూనే ఉంది.

కాంక్రీటులో దాక్కున్న తెలివి

గాజువాకలో ఏ ఐరన్ షాపు ముందు చూసినా కడ్డీల కట్టలు పేర్చి ఉంటాయి. ఇల్లు కట్టుకునే మనిషి కిలో ధర అడుగుతాడు, బరువు చూసుకుంటాడు, వెళ్లిపోతాడు. ఆ కడ్డీ లోపల ఎంత ఆలోచన ఉందో అతనికి చెప్పేవారు లేరు.

కడ్డీ గట్టిగా ఉండాలి, లేకపోతే శ్లాబు బరువు మోయలేదు. అదే కడ్డీ సాగాలి, లేకపోతే భూకంపం వచ్చిన రోజు పుటుక్కున తెగుతుంది. ఉక్కులో ఈ రెండు గుణాలకూ సాధారణంగా పడదు. గట్టిదనం పెంచితే సాగే గుణం తగ్గుతుంది. ఒకప్పుడు కడ్డీని చల్లగా ఉండగానే మెలితిప్పి గట్టిపరిచేవారు. పాత ఇళ్లు పడగొట్టేటప్పుడు కనిపించే మెలికల కడ్డీలు అవే. గట్టిదనం వచ్చింది కానీ సాగడం కొంత పోయింది.

1970ల్లో బెల్జియం పరిశోధకులు ఈ చిక్కును మరో వైపు నుంచి చూశారు. కడ్డీ అంతా ఒకేలా ఉండాలని ఎవరన్నారు? టెంప్‌కోర్ అనే ఆ పద్ధతిలో, రోలింగ్ మిల్లు చివరి స్టాండ్ నుంచి ఎర్రగా కాలుతూ వచ్చిన కడ్డీ నేరుగా నీటి పెట్టెలోకి దూసుకుపోతుంది. పైపొర క్షణాల్లో చల్లబడి గట్టి కవచంగా మారుతుంది. లోపలి గుండె ఇంకా వేడిగానే ఉంటుంది. బయటికి వచ్చాక ఆ లోపలి వేడి మెల్లగా పైకి పాకి, కవచంలోని పెళుసుదనాన్ని తీసేస్తుంది. చివరికి పైన గట్టిదనం, లోపల సాగే గుణం మిగులుతాయి. ఖరీదైన లోహాలు అదనంగా కలిపే అవసరం చాలావరకు తప్పింది. వేడీ, నీళ్లూ కలిసే ఆ పని చేశాయి. విశాఖ ఉక్కులో లైట్ అండ్ మీడియం మర్చంట్ మిల్లును ఈ పద్ధతితోనే కట్టారు.

కడ్డీ మీది గట్లు కూడా సోకు కోసం పెట్టినవి కావు. కాంక్రీటు వాటిని పట్టుకుంటుంది, కడ్డీ జారదు. కడ్డీ మీద 500డి అని అచ్చు ఉంటే, భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం అది తెగే ముందు కనీసం 16 శాతం సాగాలి. డి లేని 500 రకానికి 12 శాతం చాలు. ఇంటి యజమాని ఈ ఒక్క అక్షరం చూసి కొనాలి. వానకు తుప్పు పట్టని గేటు మీద పెట్టే శ్రద్ధలో సగం ఇక్కడ పెట్టినా చాలు.

కర్మాగారం మొత్తం ఇలాంటి ప్రశ్నలకు వచ్చిన జవాబుల మూటే. మన దేశంలో సముద్ర తీరాన కట్టిన మొదటి సమీకృత ఉక్కు కర్మాగారం ఇది. విశాఖకు మంచినీటి కరువు ఎప్పుడూ ఉన్నదే. ఏలేరు నుంచి సుమారు 150 కిలోమీటర్ల కాలువలో నీళ్లు తెచ్చి, కణితి రిజర్వాయర్‌లో నిలవ చేసుకోవాలి. మరి కొలిమి నుంచి వచ్చే ఎర్రటి కోక్ మీద ఆ నీళ్లు గుమ్మరించి ఆవిరి చేయడం ఏం న్యాయం? అందుకే ఇక్కడ కోక్‌ను నైట్రోజన్ వాయువుతో చల్లార్చే ఏర్పాటు పెట్టారు. దేశంలో ఇదే మొదలు. నీళ్లు మిగిలాయి, దుమ్ము తగ్గింది, కోక్ నుంచి లాగిన వేడితో ఆవిరి చేసి కరెంటు తీశారు. ఒక ప్రశ్నకు వెతికిన జవాబు మూడు పనులు చేసిపెడితే ఆ డిజైన్ కుదిరిందని నా లెక్క.

డబ్బు కటకట కూడా ఒక ప్రశ్నే. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఈ కర్మాగారాన్ని పి.వి. నరసింహారావు 1992 ఆగస్టు 1న జాతికి అంకితం చేశారు. మధ్యలో నిధులు చాలక 34 లక్షల టన్నుల పథకాన్ని 30 లక్షల టన్నులకు కుదించారు, కొన్ని మిల్లులను వదులుకున్నారు. కుదించినప్పుడు ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న తీర్పులోనే డిజైనర్ పనితనం తెలుస్తుంది. పెద్ద బ్లాస్ట్ ఫర్నేసులను, కోక్ చల్లార్చే ఏర్పాటును అప్పుడు వదులుకోలేదు.

అడుగున ఒక్క థర్మామీటర్

ఇప్పుడు రెండో వైపు చూడాలి. రాయడానికి కష్టంగా ఉన్నా ఇది వదిలేస్తే ఈ కథనానికి అర్థం లేదు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది ప్రాణాలు పోయాయి. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. పశువులు కట్టుగొయ్యల దగ్గరే కుప్పకూలాయి. ఆ జులైలో ప్రభుత్వానికి అందిన ఉన్నతస్థాయి కమిటీ నివేదికను డిజైన్ నేర్చుకునే ప్రతి విద్యార్థీ పాఠ్యపుస్తకంలా చదవాలి.

స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి. వేడెక్కితే తనలో తనే రసాయన చర్య మొదలుపెట్టి మరింత వేడిని పుట్టిస్తుంది. ఆ ఎం6 ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే సాధనం అడుగున మాత్రమే ఉంది. అడుగున ద్రవం చల్లగానే ఉంది. పైపొరలు వేడెక్కుతున్న సంగతి చెప్పడానికి అక్కడ ఏమీ లేదు. అంకెలు రాసుకునే మనిషి రోజూ సరైన అంకెనే రాసుకున్నాడు. ఆ అంకె ట్యాంకు మొత్తం గురించి చెబుతోందని అందరూ అనుకున్నారు. అంతకు కొన్ని నెలల ముందు పైపుల అమరికలో చేసిన మార్పుతో లోపలి ద్రవం పైకీ కిందికీ సరిగా కలవడం మానేసిందని, చల్లబరిచే యంత్రాన్ని రాత్రిళ్లు ఆపేస్తున్నారని కూడా కమిటీ తేల్చింది.

సైరన్ సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. ఆ కర్మాగారంలో ప్రమాద హెచ్చరిక మోగించడానికి 36 చోట్ల మీటలున్నాయి. గేటు దగ్గరా ఒకటుంది. ఏదీ మోగలేదు. సామగ్రి జాబితా చూస్తే లోటేమీ లేనట్టే. కానీ ఆ చీకట్లో, ఆ వాసనలో ఎవరి చేయి మీట మీద పడాలో, పై అధికారిని అడక్కుండా నొక్కవచ్చో లేదో ముందుగా తేల్చి, పదేపదే సాధన చేయించడం కూడా డిజైన్‌లో భాగమే. గోడ అవతలి ఊరికి సైరన్ వినపడితే ఏ దిక్కుకు పరుగెత్తాలో చెప్పి ఉంచడం కూడా అందులో భాగమే. స్టైరీన్ ఆవిరి గాలి కన్నా బరువు. పల్లంలోకి జారుతుంది. ఆ సంగతి ఆ వీధుల్లో నిద్రపోతున్న వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇది మన ఒక్కరి తప్పు కాదు. అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో 1979 మార్చి 28న జరిగిన ప్రమాదంలోనూ ఇలాంటి లోపమే బయటపడింది. వాల్వును మూయమని ఆజ్ఞ వెళ్లగానే కంట్రోల్ రూములో దీపం ఆరిపోయేది. వాల్వు నిజంగా మూసుకుందో లేదో ఆ దీపానికి తెలియదు. వాల్వు తెరుచుకునే ఉండిపోయింది. ఆపరేటర్లు ఆరిన దీపాన్ని నమ్మారు. ఆ కంట్రోల్ రూమును పరిశీలించిన వారిలో ఒకరైన డోనాల్డ్ నార్మన్, తర్వాత 1988లో తలుపుల పిడుల నుంచి స్విచ్చుల దాకా రోజువారీ వస్తువుల డిజైన్ మీద ఒక పుస్తకం రాశాడు. మనిషి తప్పు అని తేల్చేసే ముందు, ఆ తప్పు చేయడానికి వస్తువు ఎంత వీలిచ్చిందో చూడమన్నది ఆయన వాదన. పారిశ్రామిక ప్రమాదం జరిగిన ప్రతిసారీ కింది ఉద్యోగిని సస్పెండ్ చేసి చేతులు దులుపుకునే అలవాటున్న మనకు ఈ వాదన చాలా అవసరం.

తప్పుకు చోటివ్వని సూదులు

గాజువాకకు దగ్గర్లోనే పెదగంట్యాడ వైపు 270 ఎకరాల్లో ఏఎంటీజెడ్, అంటే ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ ఉంది. 2018 డిసెంబరులో ప్రారంభమైంది. వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలకు కావలసిన పరీక్షా కేంద్రాలను ఒకే ఆవరణలో పెట్టడం దాని ప్రత్యేకత. విద్యుదయస్కాంత పరీక్షలు, శరీరానికి సరిపడే పదార్థమా కాదా అన్న పరీక్షలు, త్రీడీ ప్రింటింగుతో నమూనా తయారీ అక్కడే జరుగుతాయి. నమూనా చేసి, పరీక్షించి, విఫలమై, మళ్లీ చేసే చోట్ల మధ్య దూరం ఎంత తగ్గితే డిజైన్ అంత బాగుపడుతుంది. ఒక్కో పరీక్షకు ఒక్కో నగరానికి పరుగెత్తాల్సిన కుర్ర కంపెనీ రెండో నమూనా చేయడానికి వెనకాడుతుంది. మొదటిదే మార్కెట్లోకి తోసేస్తుంది.

వైద్య పరికరాల రంగం నుంచి అందరూ నేర్చుకోవలసిన ఒక చిన్న వస్తువుంది. ఆపరేషన్ థియేటర్లో మత్తు యంత్రానికి తగిలించే చిన్న సిలిండర్ మెడ మీద రెండు రంధ్రాలుంటాయి. యంత్రం కొక్కేనికి రెండు సూదులుంటాయి. ఆక్సిజన్‌కు ఆ సూదుల స్థానాలు 2, 5. నైట్రస్ ఆక్సైడ్‌కు 3, 5. ఒక వాయువు సిలిండర్ మరోదాని స్థానంలో కూర్చోదు. నర్సు ఎంత అలసిపోయినా, లైటు ఎంత మసకగా ఉన్నా, రంగు వెలిసిపోయినా, అక్షరాలు చదవడం రాకపోయినా తప్పు చేయడం కుదరదు. జాగ్రత్త అని బోర్డు పెట్టడం కన్నా ఈ రెండు సూదులు వెయ్యి రెట్లు మేలు. అడుగున ఒక్క థర్మామీటర్ పెట్టిన ఆలోచనకూ, ఈ సూదులు పెట్టిన ఆలోచనకూ మధ్య ఉన్నది ఖర్చు తేడా కాదు. రెండోది తయారుచేసిన వాళ్లు, మనిషి ఏదో ఒక రోజు పొరబడతాడని ముందే ఒప్పుకున్నారు.

ఏ వస్తువుకైనా ప్రక్రియ ఒకటే. వాడే మనిషి దగ్గరకెళ్లి కూర్చుని చూడాలి. మన్యంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పరికరం చేస్తున్నామంటే అక్కడ కరెంటు ఎప్పుడు పోతుందో, గ్లవుజు వేసుకున్న వేలు ఆ బటన్‌ను నొక్కగలదో లేదో, తేమకు ఏ స్క్రూ ముందు తుప్పు పడుతుందో కళ్లారా చూడాలి. చూశాక సమస్యను మళ్లీ రాసుకోవాలి, ఎందుకంటే మొదట అనుకున్న సమస్య చాలాసార్లు అసలు సమస్య కాదు. అట్టముక్కతోనో చెక్కతోనో చవగ్గా నమూనా చేసి అదే మనిషి చేతికివ్వాలి. అతను తడబడిన ప్రతి చోటునూ మన తప్పుగా రాసుకోవాలి. 2018 నుంచి అమల్లో ఉన్న మన వైద్య పరికరాల నిబంధనలు ఈ రాతకోతలన్నీ భద్రపరచాలంటాయి. ఫైళ్ల కోసం ఫైళ్లనుకుంటే అది భారం. ఫలానా నిర్ణయం ఎందుకు తీసుకున్నామో పదేళ్ల తర్వాత వచ్చే ఇంజనీరుకు చెప్పే ఉత్తరమనుకుంటే అది రక్ష. ఎం6 ట్యాంకు పైపులు మార్చే రోజు అలాంటి ఉత్తరం ఎవరి చేతిలోనైనా ఉండి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు.

మన దేశంలో డిజైన్ విద్యకు పునాది పడింది ఇలాంటి పరిశీలన మీదే. భారత ప్రభుత్వం పిలిస్తే 1958లో వచ్చిన అమెరికన్ దంపతులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దేశమంతా తిరిగి, తాము చూసిన వాటన్నిటిలో గొప్ప డిజైన్ అంటూ మన చెంబును ఎంచారు. నీళ్లు ఎన్ని పడతాయి, నెత్తి మీదా చంకలోనా ఎలా మోస్తారు, నిండినప్పుడూ ఖాళీ అయినప్పుడూ బరువు ఎక్కడ నిలుస్తుంది, ఎలా తోముతారు అంటూ వాళ్లు వేసుకున్న ప్రశ్నల జాబితా ఆ నివేదికలో ఉంది. దాని ఫలితంగా 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ పుట్టింది. 2015లో మన రాష్ట్రానికీ అలాంటి సంస్థ వచ్చింది. నాగార్జున విశ్వవిద్యాలయ ప్రాంగణంలో తరగతులు మొదలుపెట్టి, 2019 చట్ట సవరణతో జాతీయ ప్రాధాన్య సంస్థ హోదా పొందింది. అక్కడి విద్యార్థులను గాజువాక ఆటోనగర్ షెడ్లకూ, పెదగంట్యాడకూ తీసుకొచ్చి ఒక సెమిస్టరు కూర్చోబెట్టాలి. లేత్ మిషన్ ముందు రోజంతా వంగి నిలబడే మనిషి నడుము నొప్పిలో వాళ్లకు మంచి ప్రాజెక్టు దొరుకుతుంది.

ఎవరూ గీయని ఊరు

గాజువాక గురించి ఇంకొక సంగతి చెప్పుకోవలసి ఉంది. ఉక్కునగరాన్ని సెక్టార్లుగా గీశారు. చెట్లు నాటారు, బడులు కట్టారు, ఆటస్థలాలకు చోటు వదిలారు. నీడలో నడుచుకుంటూ పిల్లలు బడికెళ్లే వీధులు అక్కడున్నాయి. ఆ గోడ దాటి కూర్మన్నపాలెం గేటు బయటికొస్తే వేరే లోకం. కర్మాగారం కోసం 20 వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చి, 16 వేలకు పైగా కుటుంబాలు ఊళ్లు వదిలాయి. నిర్వాసితులకు ఇచ్చిన ఆర్ కార్డు చేతబట్టుకుని, ఉద్యోగం వస్తుందని ఎదురుచూస్తూ వయసు మీరిపోయిన వాళ్లు ఇప్పటికీ ఈ చుట్టుపక్కల కాలనీల్లో ఉన్నారు. కొలిమికి ఏం కావాలో అంత శ్రద్ధగా అడిగిన దేశం, ఆ కుటుంబాలను అంత శ్రద్ధగా అడగలేదు. ఇక్కడి డిజైన్‌లో అన్నిటికన్నా పెద్ద లోపం అదేనని నేననుకుంటాను.

వాళ్ల చుట్టూ, షిఫ్టుల చుట్టూ, పోర్టు లారీల చుట్టూ గాజువాక తనంతట తానే పెరిగింది. మున్సిపాలిటీ అయింది, 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది. నడిమధ్య నుంచి జాతీయ రహదారి పోతోంది. ఆ రోడ్డును లారీ కోసం గీశారు. అటునుంచి ఇటు దాటే మనిషి కోసం ఎవరూ గీయలేదు. సాయంత్రం పూట కూరగాయల సంచితో దాటే పెద్దావిడకు మెట్ల వంతెన కడితే ఆవిడ ఎక్కదు, మోకాళ్లు ఒప్పుకోవు. సర్వీసు ఆటో ఎక్కడ ఆగుతుందో జనం అక్కడే నిలబడతారు, బస్‌షెల్టరు ఎక్కడ కట్టారన్నది వాళ్లకు అనవసరం. ఎక్కడ నిలబడుతున్నారో, ఏ గంటలో ఎంతమంది దాటుతున్నారో, ఎండ ఏ వైపు నుంచి కొడుతోందో ఒక వారం కూర్చుని రాసుకుంటే షెల్టరు ఎక్కడ పెట్టాలో రోడ్డే చెబుతుంది. దానికి కన్సల్టెన్సీ అక్కర్లేదు. ఇద్దరు మనుషులు, ఒక నోటుబుక్కు చాలు.

ఆలస్యంగానైనా నేర్చుకోగలమని 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను చూపించింది. విమానాశ్రయం కప్పు ఎగిరిపోయింది, కరెంటు స్తంభాలు వరుసగా ఒరిగాయి. ఆ తర్వాత ప్రపంచబ్యాంకు రుణంతో నగరంలో కొంత మేర తీగలను భూమిలోకి దించారు. తుపాను వచ్చి పరీక్ష పెట్టాక దిద్దుకున్నాం. ఆ పరీక్షను ముందే మనమే పెట్టుకుని ఉంటే అన్ని రాత్రులు చీకట్లో గడపాల్సిన పని ఉండేది కాదు.

మనకు అడిగే హక్కు ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం పెద్ద పరిశ్రమ పెట్టాలన్నా, విస్తరించాలన్నా చాలా సందర్భాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి, నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. ఈసారి మీ మండలంలో అలాంటి ప్రకటన కనిపిస్తే, ఉద్యోగాలెన్ని అని అడగడంతో ఆగకండి. ట్యాంకులో ఉష్ణోగ్రత ఎన్ని ఎత్తుల దగ్గర కొలుస్తారో అడగండి. రాత్రి మూడింటికి సైరన్ ఎవరు మోగిస్తారో పేరుతో, హోదాతో చెప్పమనండి. మోగితే మా వీధి ఏ దిక్కుకు పరుగెత్తాలో తెలుగులో రాసి ఇంటింటికీ పంచమని పట్టుబట్టండి. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.